ఒకోనోమియాకి షాపులో మన కోసం మార్చి వండమని అడగడం తప్పా?

గోదారిగట్టు:
జపాన్‌లో ఉంటున్న మనవాళ్ళు చెప్పండి. పోయిన నెల అమ్మ వస్తే ఒసాకా నుంచి హిరోషిమా తీసుకెళ్ళాం. శాంతి పార్కు చూశాక ఒకోనోమియాకి (క్యాబేజీ వేసి పెనం మీద కాల్చే జపాన్ అట్టు) కోసం పేరున్న ఒక చిన్న షాపుకి వెళ్ళాం. పొడవాటి ఇనప పెనం, దాని ముందు 9 కుర్చీలు, అంతే షాపు. చలిలో 50 నిమిషాలు లైన్లో నిలబడ్డాం. అమ్మ శాకాహారి. పంది మాంసం, గుడ్డు, చేపపొడి లేకుండా ఒకటి వేసివ్వమని జపనీస్‌లో మర్యాదగానే అడిగాను. షాపాయన రెండు చేతులూ అడ్డంగా పెట్టి కుదరదన్నాడు. ‘ఒకోనోమి’ అంటేనే మీకు నచ్చింది అని కదా. ఆ పేరు పెట్టుకుని కుదరదనడం ఏం న్యాయం?

సైతామా_తెలుగు:
జపాన్‌లో ఉన్నది ఉన్నట్టు తినాలి. లేదంటే ఇంట్లో వండుకోవాలి.

అట్లకాడ:
అడగడం తప్పు కాదు. ఆయన కుదరదనడమూ తప్పు కాదు. చదువుకునే రోజుల్లో రెండేళ్ళు హిరోషిమాలోనే ఇలాంటి షాపులో పార్ట్‌టైమ్ చేశాను, అందుకే చెప్తున్నా.

ఒసాకా పద్ధతిలో అయితే పిండి, క్యాబేజీ, గుడ్డు అన్నీ గిన్నెలో కలిపి పోస్తారు. హిరోషిమాది అలా కాదు. ముందు దోసెలా పల్చగా పిండి పోస్తారు. దాని మీద చేపపొడి చల్లి, కుప్పగా క్యాబేజీ పోసి, మొలకలు వేసి, పైన పంది మాంసం ముక్కలు పరుస్తారు. తిరగేశాక కింద ఆ కొవ్వు కరిగి క్యాబేజీ మగ్గుతుంది. పక్కన నూడుల్స్ వేయించి దాని కింద పెడతారు, చివర గుడ్డు కొట్టి పరిచి దాని మీదకి ఎక్కిస్తారు. ఒక్కోదానికి 15, 20 నిమిషాలు. పెనం మీద ఒకేసారి ఏడెనిమిది ఉంటాయి, ఒక్కోటి ఒక్కో దశలో. ఆ పెనం మీద పొద్దుటి నుంచి పంది కొవ్వే పారుతుంటుంది. మాంసం ముక్క తీసేసి ఇచ్చినా మీ అమ్మగారు తినేది శాకాహారం కాదు. సాసులో కూడా మాంసం రసం ఉండొచ్చు. తెలిసీ తెలియక ‘సరే’ అని పెట్టేసేవాళ్ళకంటే కుదరదన్న ఆయనే నిజాయితీపరుడు.

గోదారిగట్టు:
అయితే ఆ మాట నోటితో చెప్పొచ్చుగా? ఎదురుగా చేతులు అడ్డం పెట్టడం ఏమిటి? అమ్మ దాన్ని ‘లోపలికి రావద్దు’ అనుకుంది. ఆమె మొహం నేను చూశాను.

అట్లకాడ:
ఇక్కడ అది అవమానం కాదు. బత్సు అంటారు, అంటే ఇంటూ గుర్తు. స్కూల్లో పిల్లలు కూడా తప్పు అనడానికి అలాగే చూపిస్తారు. ఫ్యాన్ల చప్పుడులో, చేతిలో హెరాలతో (అట్లకాడలతో) ఉన్న మనిషి ఇంకెలా చెప్తాడు?

క్యూషూ_కుర్రాడు:
అవమానం కాకపోవడమేంటి బ్రదర్. విదేశీయుడినని నాకు మూడు చోట్ల ఇల్లు అద్దెకివ్వలేదు. బ్రోకర్ ఎదురుగానే ఫోన్ చేసి ‘ఇండియా మనిషి’ అన్నాడు, అవతల ఓనరు పెట్టేశాడు. ఏడాదిన్నర అయింది, ఇంకా గుర్తుంది. షాపైనా ఇల్లయినా ఒకటే.

సైతామా_తెలుగు:
ఇల్లు అద్దెకీ అట్టుకీ సంబంధం లేదు.

గోదారిగట్టు:
నా ప్రశ్నకి జవాబు రాలేదు. నచ్చింది అని పేరు పెట్టి నచ్చినట్టు వండకపోతే ఆ పేరెందుకు?

అట్లకాడ:
మళ్ళీ అదే అడుగుతున్నారు. ఆ పేరుని పట్టుకుని వేలాడకండి. నచ్చినట్టు అంటే ఉన్నవాటిలో మీకు నచ్చింది వేసుకోవడం. సోబా నూడుల్స్ కావాలా, ఉడోన్ నూడుల్స్ కావాలా, స్క్విడ్ వేయాలా, చీజ్ వేయాలా, అంతవరకే. మన పెసరట్టు బండి దగ్గర ఉల్లి వద్దు అనొచ్చు, పెసలు వద్దు అంటామా?

ఇంకో సంగతి. యుద్ధానికి ముందు అది ‘ఇస్సెన్ యోషోకు’ అని పిల్లలు కొనుక్కునే చిరుతిండి. 1945 తర్వాత హిరోషిమాలో బియ్యం లేదు. అమెరికా నుంచి వచ్చిన గోధుమపిండి, చవగ్గా దొరికే క్యాబేజీ, దొరికిన ఇనప రేకు, వాటితో కడుపు నింపే తిండిగా మారింది. భర్తలు పోయిన ఆడవాళ్ళు ఇంటి ముందు గదిలోనే పెనం పెట్టి బతికారని, అందుకే చాలా షాపుల పేర్ల చివర ‘చాన్’ (ఆడవాళ్ళనీ పిల్లలనీ ముద్దుగా పిలిచేటప్పుడు పేరుకి తగిలించే మాట) ఉంటుందని అక్కడి పెద్దవాళ్ళు చెప్తారు. అందుకే ఆ షాపులు అంత చిన్నవి. ఉన్న నాలుగు కుర్చీలే వాళ్ళకి ఆధారం.

మనవాళ్ళు ఏం చేస్తారో కూడా చెప్తాను. నేను పనిచేసిన చోట మనవాళ్ళు ఐదుగురు వచ్చి రెండు ఆర్డర్ చేసి పంచుకుని గంటన్నర కూర్చున్నారు. బయట లైన్లో జనం. వాళ్ళు వెళ్ళాక ఓనరమ్మ నన్ను ఏమీ అనలేదు. ఆ అనకపోవడమే నాకు తలకొట్టేసినట్టయింది. మరుసటి నెల నా షిఫ్టులు సగం అయ్యాయి.

వంటింటి_వసారా:
ఆ ఐదుగురికీ ఈయన వాళ్ళమ్మకీ ఏంటండీ సంబంధం?

గోదారిగట్టు:
అదే నేనూ అడుగుతున్నా. మీ షిఫ్టులు పోయినందుకు మా అమ్మ మీద కసి తీర్చుకుంటున్నారా? ఇక్కడ పన్ను కడుతున్నా, భాష నేర్చుకున్నా, ఒక్కరోజు గట్టిగా మాట్లాడలేదు. ఇంకా ఎంత ఒదిగి ఉండాలి?

అట్లకాడ:
అమ్మగారిని నేనొక్క మాట అనలేదు. మీరే చెప్పని ముక్క ఒకటుంది. కుదరదన్నాక ఏం చేశారు? లేచి వచ్చేశారా, తిన్నారా?

నల్లమల:
ఇక్కడితో ఆపండి ఇద్దరూ.

గోదారిగట్టు:
ఆపక్కర్లేదు, చెప్తాను. లైన్లో ఉన్నప్పుడే మా ఇద్దరి ఆర్డర్ తీసేసుకున్నారు. పెనం మీద వేసేశారు. అమ్మకి ఏమీ వద్దు, పక్కన కూర్చుంటుంది అన్నాను. మనిషికి ఒకటి ఆర్డర్ చేస్తేనే సీటు అన్నారు. తినకపోయినా ఆమె పేరున ఇంకోటి కొంటాను, డబ్బులిస్తాను అన్నాను. తినని దాన్ని వండను అన్నాడాయన. అమ్మే ‘మీరు తినండి నాన్నా, నేను బయట నిలబడతాను’ అని వెళ్ళిపోయింది. 68 ఏళ్ళ మనిషి, మోకాళ్ళ నొప్పులు. అద్దం తలుపులోంచి ఆమె వీపు కనిపిస్తూనే ఉంది. మా ఆవిడ ముద్ద మింగలేకపోయింది. నేను తిన్నాను. వదిలేస్తే తప్పుగా అనుకుంటారని మొత్తం తిన్నాను.

నాకు అట్టు మార్చి వండకపోయినా పరవాలేదు. ఒక కుర్చీ. మా ఊళ్ళో కాకా హోటల్ వాడైనా ముసలావిడని చూస్తే స్టూలు లాగి గ్లాసుడు మంచినీళ్ళిస్తాడు.

వంటింటి_వసారా:
మొదటి పోస్టులోనే ఇది రాసుండాల్సిందండీ.

అట్లకాడ:
ఆ ప్రశ్న అడిగిన తీరు బాగోలేదు, క్షమించండి. కానీ కుర్చీ విషయంలో నా మాట మారదు. 9 కుర్చీల షాపులో ఒక కుర్చీ అరగంట ఖాళీగా ఉంటే తొమ్మిదో వంతు పోయినట్టు. బయట నిలబడ్డవాళ్ళలోనూ ముసలివాళ్ళుంటారు. మన కాకా హోటల్లో బయట బల్ల వేసుకోవడానికి రోడ్డుంది, అక్కడ లేదు. తినని దాన్ని వండను అన్నాడు చూశారా, ఆ మాట నాకు అర్థమవుతుంది. మా ఓనరమ్మ కింద పడిన క్యాబేజీ కూడా కడిగి వేసేది.

గోదారిగట్టు:
లెక్క మీరు చెప్పింది కరెక్టే. ఆ లెక్కలోకి అమ్మ రాకపోవడమే నా బాధ. ఇక్కడ మనం ఒప్పుకోం, వదిలేద్దాం.

క్యూషూ_కుర్రాడు:
నేనైతే ఆర్డర్ వదిలేసి వచ్చేసేవాడిని అన్నా.

వంటింటి_వసారా:
అమ్మగారు ఇంకా ఉన్నారా? ఉంటే ఇంట్లో వేసిపెట్టండి, కష్టమేం కాదు. గోధుమపిండిలో కొంబు (ఎండు సముద్రపు నాచు) నానబెట్టిన నీళ్ళు పోయండి, గుడ్డు బదులు నాగాయిమో దుంప తురిమి కలిపితే మెత్తగా వస్తుంది. క్యాబేజీ సన్నగా తరగాలి. మూతపెట్టి సన్నసెగ మీద మగ్గనివ్వండి. పైన చేపపొరలు కాకుండా అవొనోరి (పచ్చ నాచు పొడి) చల్లండి. సాసు సీసా వెనక చదివి కొనండి, మాంసం లేనివీ వస్తున్నాయి.

గోదారిగట్టు:
ఇంకో పది రోజులుంటారు. నాగాయిమో మా పక్క సూపర్‌మార్కెట్లో ఉంది. ఆదివారం వేస్తాను.

అట్లకాడ:
ఒకసారి తిరగేశాక అట్లకాడతో నొక్కకండి. నొక్కితే గట్టిపడిపోతుంది.