క్లే థాంప్సన్‌లా మళ్లీ ఎవరైనా తిరిగి రాగలరా?

ప్రశ్న: అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ 2019 ఫైనల్స్ ఆరో గేమ్ నిన్న రాత్రి మళ్లీ చూశా. క్లే డంక్‌కి (బంతిని పైనుంచి బుట్టలోకి కుక్కడానికి) ఎగిరి కింద పడి మోకాలు పట్టుకుని విలవిల్లాడాడు, లోపలికి తీసుకెళ్తుంటే మధ్యలోంచి వెనక్కొచ్చి ఫౌల్‌కి దక్కిన రెండు ఫ్రీ త్రోలూ వేసి మరీ వెళ్లాడు, అప్పటికే ఏసీఎల్ (మోకాలి లోపలి లిగమెంట్) తెగిపోయి ఉంది! ఇంత దెబ్బ తగిలాక పాత ఆట వస్తుందా అండీ?

జవాబు: ఏసీఎల్ ఒక్కటైతే ఏడాదిలో లేచేవాడేమో, 2020 నవంబర్‌లో రెండో కాలి అకిలిస్ కూడా తెగింది కదా. మడమ వెనక తాడులా చేతికి తగుల్తుందే, అదే. ఎగరాలన్నా ఉరకాలన్నా దానిమీదే బరువంతా.

జవాబు: ఆ ఆరో గేమ్ అయిన 941 రోజుల తర్వాత 2022 జనవరి 9న క్లీవ్‌ల్యాండ్ టీమ్ మీద దిగి 17 పాయింట్లు కొట్టాడు, అందులో ఓ డంక్ కూడా, నాకైతే కళ్లల్లో నీళ్లు ఆగలేదు. ఆ జూన్‌లోనే వాళ్ల టీమ్‌కి ఎన్‌బీఏ టైటిల్. డిఫెన్స్‌లో మాత్రం పాత స్పీడ్ రాలేదు, షూటింగే నిలబెట్టింది.

జవాబు: నాకూ ఏసీఎల్ ఆపరేషన్ అయింది, కాలేజీ టీమ్‌లో ఆడేదాన్ని. తొడ సన్నబడిపోతే ఫిజియో వారం వారం టేపు పెట్టి కొలిచేవారు, అర సెంటీమీటర్ పెరిగితే పండగే. కాలు బాగయ్యాక కూడా మొదటిసారి గెంతడానికి నాకు ఇంకో నెల పట్టింది, ఆ భయం ఎవరికీ కనపడదు.