అప్‌డేట్: ఊళ్లో మానసిక ఆరోగ్యం పని మొదలైంది

మా ఊళ్లో మానసిక ఆరోగ్యం పని ఎవరితో కలిసి మొదలుపెట్టాలని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. వేరే క్యాంపు వద్దు, డ్వాక్రా సంఘం మీటింగ్‌లోనే మాట్లాడమని మీలో కొందరు అన్నారు. అలాగే చేశాం. ఊళ్లో ఆశా వర్కర్‌గా పనిచేసే అక్క డిప్రెషన్ ఊసెత్తకుండా "రాత్రిళ్లు నిద్ర పడుతోందా?" అని అడిగింది. అంతే, అప్పుల టెన్షన్ దగ్గర్నుంచి తాగొచ్చే మొగుళ్ల దాకా అన్నీ బయటికొచ్చాయి.

మగవాళ్లు రాలేదు, వస్తారని నేనూ అనుకోలేదులెండి. అందుకే వాళ్లు వెళ్లే పురుగుమందుల షాపాయన్ని ఒప్పించి, కౌంటర్ మీద టెలీ మానస్ నంబర్ 14416 అంటించాం. 2022 అక్టోబర్‌లో కేంద్రం మొదలుపెట్టిన ఉచిత హెల్ప్‌లైన్ అది. 24 గంటలూ ఉంటుంది, తెలుగులోనూ మాట్లాడతారు.

మందులు అవసరమైనవాళ్లను పీహెచ్‌సీ డాక్టరు జిల్లా ఆసుపత్రికి రాస్తున్నారు. బస్సు ఛార్జీలు సంఘం పొదుపులోంచి ఇవ్వాలా అన్నది ఇంకా తేలలేదు.