‘వాండలిజం’ అంటే విధ్వంసమేనా? ‘ఊరికే’ అనే మాట గురించి కొంత

చంద్రగిరి కోటకు వచ్చే సందర్శకుల కోసం కొందరు విద్యార్థులు తెలుగులో ఒక హెచ్చరిక పలక రాస్తున్నారనీ, అందులో ‘వాండలిజం’ (ఇతరుల వస్తువునో, అందరి ఆస్తినో నిష్కారణంగా పాడుచేయడం) అనే ఇంగ్లీషు మాటకు ‘విధ్వంసం’ అని పెట్టవచ్చునా అనీ ఇక్కడ ఒక సభ్యురాలు అడిగారు. పెట్టకూడదని నా అభిప్రాయం. నిఘంటువు ఒప్పుకున్నా వాడుక ఒప్పుకోదు.

ధ్వంసం అనగానే మనకు మొదట గుర్తుకొచ్చేది దక్షయజ్ఞం. అక్కడ వీరభద్రుడు చేసిన పనికి కారణం ఉంది, కోపం ఉంది, పరిమాణం కూడా ఉంది. నేటి పత్రికల్లో తుపాను విధ్వంసం సృష్టిస్తుంది, యుద్ధం విధ్వంసం మిగులుస్తుంది. పార్టీలు ఒకదాని పాలనను మరొకటి విధ్వంసమని తిట్టుకుంటాయి. ఆటల పేజీ తిప్పితే సిక్సర్లు బాదేవాడు ‘విధ్వంసకర బ్యాటర్’ అవుతాడు, అక్కడ అది పొగడ్త. ఇంత బరువు మోస్తున్న మాటను తెచ్చి, ఆ కోటలోని రాజమహల్ గోడ సున్నపు పూత మీద ఎవరో తాళంచెవితో తన పేరూ, ఒక ప్లస్ గుర్తూ, పక్కన ఇంకొకరి పేరూ గీకిపోయిన పనికి తగిలిస్తే, ఆ గీకినవాడే పలక చదివి ‘ఇది నా గురించి కాదులే’ అనుకుని ముందుకు నడుస్తాడు.

ఈ ప్రశ్నకు సమాధానం నాకు పుస్తకంలో కాక బస్సులో దొరికింది. ఆ మధ్య తిరుపతి నుంచి చిత్తూరుకు వెళ్తూ ఖాళీగా ఉన్న ఒక సీటు దగ్గరికి వెళ్ళి చూస్తే, దాని రెక్సిన్‌ను ఈ చివర నుంచి ఆ చివర దాకా బ్లేడుతో కోసి ఉన్నారు. లోపలి స్పాంజిని ముక్కలు ముక్కలుగా పీకి కిటికీ సందులో కుక్కారు. టికెట్టు కొట్టడానికి వచ్చిన కండక్టరు నా చూపు గమనించి, “ఎవురో ఊరికే కోసేసినారు సార్, దాంతో వాళ్ళకేం వచ్చిందో” అన్నాడు. వాండలిజానికి ఇంతకంటే మంచి నిర్వచనం నేను చదవలేదు.

‘ఊరికే’ చాలా పనులు చేసే మాట. ‘ఊరికే ఉండు’ అంటే మాట్లాడకుండానో, కదలకుండానో ఉండమని అర్థం. ‘ఊరికే వచ్చింది’ అంటే డబ్బు పెట్టకుండా దొరికింది. ‘ఊరికే అడగొద్దు’ అంటే మాటిమాటికీ అడగవద్దు. వీటన్నిటితో పాటు ‘కారణం లేకుండా’ అనే అర్థం ఉంది, అది పాతదే. పోతన భాగవతంలో నందుడు గర్గమునితో ‘ఊరక రారు మహాత్ములు’ అన్నప్పుడు ఆ ‘ఊరక’ ఇదే. ఇంగ్లీషు నామవాచకంలో దాచిపెట్టిన నిష్కారణత్వాన్ని తెలుగు ఇలా క్రియకు ముందు ఒక చిన్న మాటగా పెట్టుకుంటుంది. అందుకే మనకు ఒంటి పదం దొరకదు, దొరకలేదని వెలితి కూడా కనిపించదు.

సుందరకాండలో తోటలు రెండుసార్లు పాడవుతాయి. అశోకవనాన్ని హనుమంతుడు విరగ్గొట్టింది సామదానభేదాలు రాక్షసుల దగ్గర పనికిరావని ఆలోచించుకున్న తర్వాత, శత్రువు బలాన్ని బయటికి రప్పించి చూడడానికి. అది ఊరికే చేసిన పని కాదు. తిరుగు ప్రయాణంలో అంగదాదులు మధువనంలో పడి తేనె తాగి, చెట్లు విరిచి, కావలి ఉన్న దధిముఖుణ్ణి కొట్టడం మన మాటకు చాలా దగ్గరగా వస్తుంది. అయితే ఫిర్యాదు విన్న సుగ్రీవుడు దాన్ని కూడా ఊరికే చేసిన పనిగా తీసుకోలేదు. సీత జాడ తెలియకపోతే వాళ్ళు ఇంతకు తెగించరని ఊహించి సంతోషించాడు.

విచిత్రమేమిటంటే, ఈ పరీక్షకు పెడితే అసలు వాండళ్ళే నిలబడరు. వాండళ్ళు ఒక జర్మానిక్ తెగ. వారి రాజు గైసెరిక్ క్రీ.శ. 455లో రోము నగరాన్ని పట్టుకుని పద్నాలుగు రోజులు దోచుకున్నాడు, జూపిటర్ ఆలయం పైకప్పు మీది బంగారు పూత పలకలను కూడా ఊడదీయించాడు. దోపిడీకి లాభమే కారణం కాబట్టి అది ఊరికే చేసిన పని కాదు. తెగ పేరును ఈ నేరానికి పేరుగా స్థిరపరిచింది ఫ్రెంచి విప్లవ కాలం. రాజుల గుర్తులన్న కోపంతో జనం శిల్పాలనూ సమాధులనూ పగలగొడుతుంటే, 1794లో బిషప్ గ్రెగ్వార్ ‘వాందలిస్మ్’ అనే మాటను ప్రయోగించాడు. ఆ పనిని చంపడానికే ఆ మాటను పుట్టించానని తరువాత తానే రాసుకున్నాడు. పని చావలేదు గానీ మాట మాత్రం కొన్నేళ్ళలోనే ఇంగ్లీషులోకి చేరింది.

‘సబోటేజ్’తో దీన్ని కలపవద్దని కూడా మనవి. రైలు పట్టాల బోల్టులు ఊడదీస్తే మన పత్రికలు ‘విద్రోహ చర్య’ అని రాస్తాయి, అది సరైన అనువాదమే, ఎందుకంటే అక్కడ ఒక పనిని ఆపాలనే ఉద్దేశం ఉంది. కార్మికులు చెక్క చెప్పులు మగ్గాల్లోకి విసిరితే ఆ మాట పుట్టిందన్నది చెప్పుకోవడానికి బాగుంటుంది గానీ, దానికి ఆధారం లేదు. ‘సాబో’ అంటే చెక్క చెప్పు అన్నది నిజమే. దాని నుంచి వచ్చిన ఫ్రెంచి క్రియకు పనిని మొరటుగా, చెడగొట్టి చేయడం అనే అర్థం ముందే ఉండేది.

ఒంటి పదమే కావాలని పట్టుబట్టేవారికి ‘ఆకతాయితనం’ అందుబాటులో ఉంది. చేసినవాడి స్వభావాన్ని అది చక్కగా పట్టిస్తుంది. కానీ ఆడపిల్లలను ఏడిపించడం, బాంబు ఉందని దొంగ ఫోను చేయడం కూడా ఆకతాయి పనులే కాబట్టి, వస్తువు పాడైన సంగతి అందులో వినిపించదు. పైగా ఆ మాట నేరాన్ని కొంచెం ముద్దు చేస్తుంది.

పలక విషయానికి వస్తే, రక్షిత కట్టడాల గురించిన 1958 చట్టం కూడా తన శిక్షా నిబంధనలో వాండలిజం అనే మాటను వాడదు. నాశనం చేయడం, తొలగించడం, దెబ్బతీయడం, మార్చడం, వికృతం చేయడం అంటూ క్రియలనే వరసగా చెబుతుంది. 2010 సవరణ తర్వాత శిక్ష రెండేళ్ళ వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. కనుక మన పలక కూడా ఆ దారినే నడవవచ్చు: “గోడల మీద పేర్లు గీకకండి, రంగులు పూయకండి, రాళ్ళు పెకలించకండి. ఇది రెండేళ్ళ వరకు జైలుకు తగిన నేరం.” దాని కింద ఇంకొక వాక్యానికి చోటుంటే, కండక్టరు మాటను ఈ ప్రాంతపు యాసలోనే పెట్టమంటాను: “ఊరికే గీకబాకండి, దాంతో మీకేమీ రాదు.”