కాగడా మసక వెలుతురులో రోగ్ (దొంగ పాత్ర) దాక్కోగలదా? (డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే పాచికల, పాత్రల ఆట, 2014 రూల్స్)

పాచికలపెట్టె:
వచ్చే సెషన్‌కి మ్యాప్ గీస్తున్నాను. తిన్నటి సొరంగం, మలుపుల్లేవు. మనిషి ఫైటర్ (యోధుడి పాత్ర) చేతిలో కాగడా, అతనికి 30 అడుగుల ముందు ఎల్ఫ్ రోగ్. కాగడాకి 80 అడుగుల దూరంలో ఇద్దరు గోబ్లిన్ల కాపలా. రోగ్ స్టెల్త్ (నక్కే నేర్పు, పాచిక అంకెకి కలిపేది) +7, గోబ్లిన్ల పాసివ్ పర్సెప్షన్ (వెతక్కుండానే పసిగట్టే స్థాయి, స్టెల్త్ మొత్తాన్ని పోల్చేది దీనితోనే) 9. రోగ్ ఉన్నది మసక వెలుతురులో కాబట్టి దాక్కోనివ్వాలా? సరిగా కనిపించనప్పుడు పాసివ్ పర్సెప్షన్‌లో తగ్గించే మైనస్ 5 ఎప్పుడు వేయాలి? మా టేబుల్ దగ్గర ప్రతిసారీ వాదన ఇక్కడే మొదలవుతుంది.

చీకటిగది:
ముందు "మ్యాప్ మీద ఈ గడిలో వెలుతురు ఎంత" అనే ప్రశ్న పక్కన పెట్టండి. "చూసేవాడి కంటికి ఈ గడి ఎలా ఉంది" అని అడగండి. ఒకే గడి ఫైటర్‌కి చీకటి, గోబ్లిన్‌కి మసక.

మీ మ్యాప్ మీదే లెక్కేద్దాం. కాగడా 20 అడుగులు నిండు వెలుతురు, ఆపైన ఇంకో 20 మసక. రోగ్ 30 దగ్గరుంది, అంటే మసకలో. గోబ్లిన్లకి ఆమె 50 అడుగుల దూరం. వాళ్ల డార్క్‌విజన్ (చీకట్లో చూసే శక్తి) 60 అడుగులు. ఆ పరిధిలో మసక వాళ్లకి నిండు వెలుతురే. ఆమె స్పష్టంగా కనిపిస్తోంది, దాక్కోవడం కుదరదు, మైనస్ 5 కూడా లేదు. చాలామంది డీఎంలు (ఆట నడిపేవాళ్లు) పొరబడేది ఇక్కడే.

ఆమెని ఇంకో 15 అడుగులు ముందుకి జరపండి. ఇప్పుడు కాగడా వెలుతురు దాటేసింది, పూర్తి చీకటి. గోబ్లిన్లకి 35 అడుగుల్లో అది మసకగా కనిపిస్తుంది. చూపు మీద ఆధారపడే పర్సెప్షన్‌కి డిసడ్వాంటేజ్ (ప్రతికూలత, పాసివ్ స్కోరుకి మైనస్ 5), పాసివ్ 9 కాస్తా 4 అవుతుంది. ఆమె పాచిక మీద 1 వేసినా మొత్తం 8, ఓడే అవకాశమే లేదు. అందుకే ఈ మసకని దాక్కునే చోటుగా ఒప్పుకోకూడదు. పాక్షికంగా కనిపిస్తున్నా దాక్కోవడానికి స్కల్కర్ అనే ఫీట్ (పాత్ర ఎంచుకునే ప్రత్యేక నైపుణ్యం) ఉండాలి. వుడ్ ఎల్ఫ్‌కి (ఎల్ఫ్‌లలో ఒక తెగ) ఉన్న వెసులుబాటు ఆకులు, జోరువాన, మంచు, పొగమంచు లాంటి ప్రకృతి మరుగుకే. లేదంటే రాతి స్తంభమో బండో అడ్డుండాలి.

ఇంకొకటి, ఫైటర్ సంగతి మరిచారు. చీకట్లో కాగడా పట్టుకున్నవాడు ఎంత దూరం నుంచైనా కనిపిస్తాడు, దానికి డార్క్‌విజన్ అక్కర్లేదు. అతనికి మాత్రం 40 అడుగులు దాటితే ఏమీ కనిపించదు. మీరు గీసిన మ్యాప్‌లో గోబ్లిన్లు ఇప్పటికే అప్రమత్తమై ఉండాలి. వాళ్ల స్టెల్త్ +6, దాక్కుని కాచుకునేది వాళ్లే!

కాగడాకొస:
పైన చెప్పిన మైనస్ 5 గురించి ఒక మాట కలుపుతాను. అది చూపుకే వర్తిస్తుంది. రోగ్ స్తంభం వెనక నక్కితే గోబ్లిన్లు ఆమెని పట్టుకోగలిగేది చెవితో. అప్పుడు పాసివ్ 9 తోనే పోల్చాలి, 4 తో కాదు. చీకటిగా ఉందని అన్నిటికీ తగ్గించేస్తే అడుగుల చప్పుడుకి విలువే ఉండదు. ఫైటర్‌కి చెయిన్ మెయిల్ (ఇనుప గొలుసుల కవచం) ఉంటే అతని స్టెల్త్‌కి ఎలాగూ డిసడ్వాంటేజ్.

కనిపించకపోవడం వేరు, దాక్కోవడం వేరు. చీకట్లో ఉన్న రోగ్‌ని ఫైటర్ చూడలేడు కానీ ఎక్కడుందో తెలుస్తుంది. ఆ చోటు కూడా తెలియకూడదంటే హైడ్ యాక్షన్ (తన వంతులో దాక్కునే చర్య) వాడి స్టెల్త్ వేయాల్సిందే.

కాగడా బదులు మూత ఉన్న లాంతరు ఇవ్వండి. మూత దించితే 5 అడుగుల మసక మాత్రమే, ఫైటర్ తన కాళ్ల ముందు చూసుకుంటూ నడుస్తాడు. ఒక ఫ్లాస్కు నూనె 6 గంటలొస్తుంది, కాగడా గంటకే అయిపోతుంది.

నీడమెట్టు:
2024 రూల్స్‌కి మారితే లెక్క వేరండి. చిక్కటి మరుగు గానీ, ముప్పాతిక లేదా పూర్తి అడ్డు గానీ ఉండాలి, మీ మీద శత్రువు చూపు పడకూడదు, స్టెల్త్ మొత్తం కనీసం 15 రావాలి. +7 ఉన్నవాళ్లు డి20 (20 ముఖాల పాచిక) మీద 8 వేస్తే చాలు, గెలిచే అవకాశం 65 శాతం. వచ్చిన మొత్తమే తర్వాత వెతికేవాళ్లకి టార్గెట్.

పాచికలపెట్టె:
సొరంగంలో 60 అడుగుల దగ్గర మలుపు పెట్టేశాను, దాని మూల మీద ఒక బండ. ఫైటర్ మలుపు ఇవతలే లాంతరు మూత దించుకుని ఆగుతాడు. రోగ్ బండ చాటున నక్కితే 9 తో పోలుస్తాను.