పన్నెండేళ్ల ఉద్యోగం తర్వాత మాస్టర్స్: మానేసి చదవాలా, చేస్తూ చదవాలా?

మలుపు36: వయసు 36. పన్నెండేళ్లుగా ఒకే రంగంలో ఉన్నాను. డేటా సైన్స్‌లో మాస్టర్స్ చేయాలని ఉంది. ఉద్యోగం మానేస్తే రెండేళ్లు, సాయంత్రం క్లాసులైతే నాలుగేళ్లు. ఇద్దరు పిల్లలు. చేసినవాళ్లు చెప్పండి.

రాత్రిదీపం: ఉద్యోగం వదలొద్దు. అందరూ ఫీజు లెక్కే వేస్తారు, రెండేళ్ల జీతం పోవడం అంతకన్నా పెద్ద ఖర్చు. నేను టర్ముకు రెండు సబ్జెక్టుల చొప్పున పూర్తి చేశాను. సాయంత్రం నేర్చుకున్న రిగ్రెషన్‌ని (అంకెల మధ్య సంబంధం చూసి అంచనా కట్టే పద్ధతి) మర్నాడు పొద్దున్నే మా ఆఫీసు అమ్మకాల లెక్కల మీద పెట్టి చూసుకునేవాణ్ని. ఆ వీలు మానేసినవాళ్లకి లేదు.

తెగింపు: రోజంతా పనిచేసి అలసిన బుర్రకు ఎంత ఎక్కుతుందండీ? నేను మానేసే చదివాను. రెండేళ్ల మధ్య సెలవుల్లో చేసిన ఇంటర్న్‌షిప్పే నన్ను కొత్త రంగంలోకి చేర్చింది. ఉద్యోగస్తుడికి అన్ని నెలలు ఎవరిస్తారు? అసలీ పార్ట్‌టైమ్ డిగ్రీలు ఈమధ్య పుట్టిన ఫీజుల వ్యాపారం.

రాత్రిదీపం: ఈమధ్యా? షికాగో విశ్వవిద్యాలయం 1943లోనే ఉద్యోగంలో ఉన్న మేనేజర్ల కోసం ఎంబీఏ మొదలుపెట్టింది.

తెగింపు: అది ఎగ్జిక్యూటివ్ ఎంబీఏ. ఆయన అడిగింది డేటా సైన్స్.

రాత్రిదీపం: మీరు రాసింది "పార్ట్‌టైమ్ డిగ్రీలు" అని. పైన మీ మాటే మళ్లీ చదువుకోండి.

చిన్నమాట: సర్టిఫికెట్ మీద పార్ట్‌టైమ్ అని వేస్తారా?

గుమ్మం: ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది, చేరేముందే రాతపూర్వకంగా అడగండి. కంపెనీ ఫీజు కడతానంటే బాండు కూడా చదవండి. చదువయ్యాక రెండేళ్లు ఉండాలి, ముందే వెళ్తే మొత్తం తిరిగి కట్టాలి అని నా బాండులో ఉంది. మంచి అవకాశం వస్తే వదులుకోవాల్సి వచ్చింది. ఇప్పటికీ బాధే.

తెగింపు: అందుకే చెబుతున్నా. రెండు పడవల మీద కాళ్లు పెట్టేకన్నా ధైర్యంగా దిగడం మేలు.

రాత్రిదీపం: ధైర్యం మాటలు చాలండి. ఆ రెండేళ్లూ మీ ఇల్లు ఎవరు నడిపారు?

తెగింపు: నా భార్య. దాచాల్సిన పనేం లేదు. తన చదువు వాయిదా వేసుకుని మరీ నడిపింది. మీ నాలుగేళ్లూ మీ పిల్లల్ని ఎవరు చూశారు, అది చెప్పండి ముందు.

రాత్రిదీపం: మా ఆవిడే. మూడో ఏడాది మా పాప ఇంటి బొమ్మ వేసింది. గుమ్మం ముందు అమ్మా తమ్ముడూ. నేను కిటికీ లోపల, లాప్‌టాప్ ముందు, వీపు మాత్రమే కనబడేలా. జీతం లెక్క వేశాను గానీ ఈ లెక్క వేయలేదు. కానీ మానేసి ఉంటే మరుసటి నెల ఇంటి కిస్తీ కట్టే దారే లేదు మాకు.

సహచరి: మీరిద్దరూ చెబుతున్న ఆ భార్య స్థానంలో ఉన్నదాన్ని నేను. మావారు మానేసి చదివారు. అయిపోయే తేదీ తెలుసు కాబట్టి తట్టుకున్నాను. నాలుగేళ్లైతే తట్టుకునేదాన్నో లేదో చెప్పలేను. జీతం లేకుండా రెండేళ్లు ఉండలేనివాళ్లూ ఉంటారు. మలుపు36 గారూ, ఈ ప్రశ్న ఇంట్లో అడిగారా?

మలుపు36: లేదండీ. ఏదో ఒకటి తేల్చుకున్నాక చెబుదామనుకున్నాను. పిల్లలు పడుకున్నాక ఈ రాత్రే అడుగుతాను.