స్వీకరణ యాంటెన్నాకు వేరే ఎర్త్ ఉండాలా, ఇంటి ఎర్త్‌తో కలపాలా?

వంశధార శ్రోత (పర్లాకిమిడి)

అందరికీ నమస్కారం. పర్లాకిమిడి ఊరి చివర మా ఇల్లు. వెనక దొడ్డిలో ఇంటి గోడకు 25 మీటర్ల దూరాన 6 మీటర్ల జీఐ పైపు పాతి, దాని కొసన మినీ-విప్ యాంటెన్నా (చిన్న రాగి పలక, దానికి ఆంప్లిఫయరు) బిగించాను. 136, 472 కిలోహెర్ట్జ్ దగ్గరి హామ్ (అభిరుచి రేడియో) బ్యాండ్లనూ, తిరునెల్వేలి జిల్లా విజయనారాయణంలోని నౌకాదళ కేంద్రం నుంచి 18.2 కిలోహెర్ట్జ్ మీద వచ్చే సంకేతాన్నీ వినడమే నా ఉద్దేశం. ప్రసారం చేసే ఆలోచన లేదు.

కోయాక్స్ కేబుల్ షీల్డును (బయటి లోహపు తొడుగును) మాస్ట్, అంటే ఆ పైపు మొదట్లో దిగగొట్టిన రాగి కడ్డీకి మాత్రమే కలిపి, కేబుల్ ఇంట్లోకి వచ్చేచోట రెండు వైపులనూ నేరుగా కలవనివ్వకుండా సంకేతాన్ని మాత్రం పంపే ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెడితే రొద బాగా తగ్గుతోంది. ఆ కడ్డీని మీటరు దగ్గరి ఇంటి ఎర్త్‌తో తీగ వేసి కలిపితే రొద మళ్ళీ మొదటికి వస్తోంది. ఇంటి వైరింగ్ చేసిన ఎలక్ట్రీషియన్ మాత్రం ఒకే ఆవరణలో రెండు ఎర్త్‌లు విడివిడిగా ఉండకూడదని గట్టిగా చెబుతున్నాడు. అనుభవమున్న వారి మధ్య కూడా దీని మీద ఏకాభిప్రాయం కనబడటం లేదు. ఏది పాటించాలో కారణాలతో సహా చెప్పగలరా?

గుణుపురం సూపర్‌వైజర్

వంశధార గారికి నమస్కారం. మీ ఎలక్ట్రీషియన్ చెప్పిందే సరైన మాట. రొద పేరు చెప్పి దాన్ని పక్కన పెట్టకండి.

ఎర్తింగ్‌కు మన ప్రామాణిక పత్రమైన ఐఎస్ 3043లోని సూత్రంతోనే లెక్క వేద్దాం. మట్టి నిరోధకత 100 ఓమ్-మీటర్లు ఉన్న నేలలో 16 మిల్లీమీటర్ల మందం, 3 మీటర్ల పొడవు ఉన్న ఒక్క కడ్డీ పాతితే ఎర్త్ నిరోధం సుమారు 35 ఓములు వస్తుంది. ఏటి ఒడ్డు పొలాల్లో అలాంటి మట్టి దొరకవచ్చు గాని, రాయగడ వైపు ఎర్రనేలల్లో, రాతినేలల్లో నిరోధకత దానికి ఎన్నో రెట్లుంటుంది. సాధారణంగా ఒక పిడుగులో ప్రవాహం 30 కిలోఆంపియర్ల మేర ఉంటుంది. అందులో పదో వంతే, అంటే 3,000 ఆంపియర్లే మీ కడ్డీ గుండా దిగిందనుకున్నా, ఆ క్షణాన ఆ కడ్డీ లక్ష వోల్టులు దాటిపోతుంది. మీటరు దగ్గరి ఎర్త్ మాత్రం ఇంచుమించు సున్నా దగ్గరే ఉండిపోతుంది. ఆ రెండు చోట్లకూ మధ్య ఉన్న లోహపు దారి మీ కోయాక్స్ కేబుల్ ఒక్కటే. ట్రాన్స్‌ఫార్మర్‌లో రెండు చుట్ల మధ్య ఉండే ఎనామిల్ పూత ఆ వోల్టేజి ముందు నిలవదు. అది తెగాక ప్రవాహం రిసీవరులోకీ, ల్యాప్‌టాపులోకీ, దాన్ని తాకి ఉన్న మనిషిలోకీ వెళుతుంది.

రెండు ఎర్త్‌లనూ మందపాటి వాహకంతో కలిపితే కడ్డీ వోల్టేజి పెరగకుండా ఆగిపోదు. అయితే ఇంటి ఎర్త్ కూడా దానితో పాటే పెరుగుతుంది కనుక మధ్యలోని తేడా బాగా తగ్గుతుంది. మనిషిని చంపేది ఆ తేడాయే. ఒడిశా ప్రభుత్వం 2015లోనే పిడుగుపాటును రాష్ట్ర విపత్తుల జాబితాలో చేర్చింది. 2023 సెప్టెంబరు 2న రెండు గంటల వ్యవధిలో రాష్ట్రంలో సుమారు 61 వేల పిడుగులు నమోదయ్యాయి, 12 మంది చనిపోయారు. ఇలాంటి చోట విడి ఎర్త్ పెట్టమని నేను ఎవరికీ చెప్పలేను.

బరంపురం 136

సూపర్‌వైజర్ గారి లెక్క సరైనదే. అయినా ఆ లెక్కను మధ్యలో ఆపేశారని నాకనిపిస్తోంది. 25 మీటర్ల తీగకు నిరోధం దాదాపు లేకపోయినా ఇండక్టెన్స్ (వేగంగా మారే ప్రవాహాన్ని అడ్డుకునే గుణం) ఉంటుంది. మీటరుకు ఒక మైక్రోహెన్రీకి కాస్త పైన వేసుకుంటే మొత్తం 30 మైక్రోహెన్రీలు అవుతుంది. మీరు చెప్పిన 3,000 ఆంపియర్లు 5 మైక్రోసెకన్లలో పెరిగాయనుకుంటే ఆ తీగ రెండు చివరల మధ్య 18 వేల వోల్టులు పుడతాయి. ఎనామిల్ పూత దానికీ నిలవదు. కాబట్టి ఎర్త్‌లు కలిపాను, ఇక భద్రమే అనుకోవడం ప్రమాదకరం. నిజమైన రక్షణ కేబుల్‌ను ఇంటి బయటే విప్పి పెట్టడంలో ఉంది. కాలబైశాఖి (ఎండాకాలపు ఉరుముల గాలివాన) రోజుల్లో మబ్బు కమ్మకముందే, పుణె ఉష్ణమండల వాతావరణ సంస్థ వారి పిడుగు హెచ్చరికల దామిని యాప్ చూసుకుని, గోడ బయటి పెట్టెలో ప్లగ్గు ఊడదీయాలి. ఊడదీసిన చివర గాలిలో వేలాడకుండా అక్కడే ఎర్త్‌కు తగిలించాలి.

ఇక రొద సంగతి. మినీ-విప్ అంటే పైనున్న చిన్న రాగి పలక మాత్రమేనని చాలామంది అనుకుంటారు. ఆ పలక పట్టేది ఆ ఎత్తులో విద్యుత్ క్షేత్రం కలిగించే వోల్టేజిని. ఆ వోల్టేజిని దేనితో పోల్చి కొలుస్తున్నామన్నదే అసలు ప్రశ్న. కొలతకు రెండో కొస కోయాక్స్ షీల్డు, దాని ఎర్త్. నెదర్లాండ్స్‌లోని ట్వెంటే విశ్వవిద్యాలయంలో మినీ-విప్ మీదే నడుస్తున్న వెబ్ రిసీవరును నిర్వహించే వారు ఈ విషయాన్ని విశ్లేషించి, షీల్డు ఎక్కడ ఎర్త్ అవుతుందన్నదాన్ని బట్టి రొద మారుతుందని వివరంగా చూపించారు. ఎల్ఈడీ బల్బులు, ఛార్జర్లు, ఇన్వర్టర్ లోపలి స్విచింగ్ సర్క్యూట్ల రొద ఇంటి ఎర్త్ తీగ మీదే తిరుగుతూ ఉంటుంది. ఆ ఎర్త్‌ను మాస్ట్ కడ్డీకి కలిపితే ఇంటి రొద కొలతలోకే వచ్చి చేరుతుంది.

కోయాక్స్ మీద ఫెర్రైట్ చోక్ (షీల్డు మీది రొదను ఆపడానికి కేబుల్‌ను అయస్కాంత పదార్థపు రింగు మీద చుట్టడం) పెడితే సరిపోతుంది కదా అంటారు. పర్మియబిలిటీ (అయస్కాంత క్షేత్రాన్ని పట్టే గుణం) ఎక్కువున్న పెద్ద రింగు మీద 20 చుట్లు చుడితే సుమారు 2.5 మిల్లీహెన్రీలు వస్తాయి. 136 కిలోహెర్ట్జ్ దగ్గర అది 2,000 ఓములకు పైగా అడ్డు నిలుస్తుంది, 35 ఓముల కడ్డీతో కలిసి రొదను 60వ వంతుకు దించుతుంది. కాని అదే 136 కిలోహెర్ట్జ్ దగ్గర రెండు ఎర్త్‌లనూ కలిపే 30 మైక్రోహెన్రీల బాండింగ్ తీగ అడ్డు 25 ఓములే. ముందు తలుపుకు తాళం వేసి పెరటి తలుపు తీసి పెట్టినట్టు, చోక్ ఆపిన రొదంతా ఆ తీగ గుండా మాస్ట్‌కు చేరుతుంది. 18 కిలోహెర్ట్జ్ దగ్గరైతే పరిస్థితి మరీ కష్టం. చోక్ అక్కడ 300 ఓములకు మించి ఇవ్వదు, తీగ 4 ఓముల లోపే ఉంటుంది. అందుకే ఎర్త్ విడిగా ఉండాలనీ, రిసీవరు వాడనప్పుడు కేబుల్ విప్పి ఉండాలనీ నేను చెబుతాను.

కోరాపుట్ కొండ

మీ ఇద్దరూ 35 ఓముల కడ్డీ గురించి వాదిస్తున్నారు. మా కొండల్లో ఒక్క కడ్డీతో 35 ఓములు రావడం కలలో మాట. ఎర్త్ నిరోధం కొలిచే మెగ్గర్ పెట్టి చూస్తే వందల్లో చూపిస్తుంది, ఎండాకాలంలో ఇంకా పెరుగుతుంది. అలాంటి నేలలో మినీ-విప్‌ను ఎంచుకోవడమే సరికాదని నా అభిప్రాయం.

ఒక మీటరు వ్యాసంతో అల్యూమినియం లేదా రాగి గొట్టపు లూపు చేసి, సమతుల్య ఆంప్లిఫయరుతో వాడితే సంకేతం పట్టడానికి ఎర్త్ అవసరమే ఉండదు. లూపు స్పందించేది అయస్కాంత క్షేత్రానికి. ఇంటి దగ్గర్లో పుట్టే రొదలో విద్యుత్ క్షేత్రం పాలు ఎక్కువ కనుక చాలామటుకు అది లూపులోకి రాదు. రెండు మీటర్ల ఎత్తు చాలు కాబట్టి పిడుగుకు ఎదురుగా పైపు నిలబెట్టే పనీ ఉండదు. ఒకే దిక్కు నుంచి వచ్చే రొద ఉంటే లూపును తిప్పి, దాని శూన్య దిశను ఆ వైపుకు పెట్టవచ్చు. కొరత ఒకటుంది: లూపులో పుట్టే వోల్టేజి పౌనఃపున్యంతో పాటే తగ్గుతుంది, కనుక 18 కిలోహెర్ట్జ్ వినాలంటే ఆంప్లిఫయరు నిజంగా మంచిది కావాలి.

గుణుపురం సూపర్‌వైజర్

లూపు మంచి సూచనే. అయితే దాని కోయాక్స్ కూడా ఇంట్లోకే వస్తుంది, కాబట్టి సర్జ్ (పిడుగుతో ఒక్కసారిగా ఎగసే వోల్టేజి) సంగతి అక్కడా పోదు.

బరంపురం గారూ, కేబుల్ విప్పి పెట్టాలన్న మీ మాటతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. కాని విప్పడం మనిషి గుర్తుంచుకుని చేయాల్సిన పని. ఇంట్లో ఎవరూ లేని మధ్యాహ్నం, లేదా అర్ధరాత్రి వచ్చే గాలివాన సంగతేమిటి? అప్పుడు పని చేసేది నేలలో ఉన్న లోహమే. మీరు లెక్కగట్టిన 18 వేల వోల్టులు ఎక్కువే, కాదనను. కాని కలపకపోతే వచ్చేది లక్ష. పైగా గాలిలో వేలాడదీసిన తీగకూ, నేలలో పాతిన జీఐ పట్టీకీ తేడా ఉంది. పాతిన పట్టీ తన పొడవునా ప్రవాహాన్ని మట్టిలోకి వదులుతూ పోతుంది, కనుక అటు చివరికి చేరేది తగ్గుతుంది. కోయాక్స్‌ను ఎక్కడపడితే అక్కడ కిటికీలోంచి తేకుండా, మీటరు పక్కనే ఇంట్లోకి తెచ్చి, అక్కడి ఎర్త్ పట్టీ మీదే అరెస్టర్ (ఎగసిన వోల్టేజిని ఎర్త్‌కు మళ్ళించే పరికరం) బిగిస్తే ఇంట్లోకి వెళ్ళే తేడా ఇంకా తగ్గుతుంది.

రొద విషయంలో మీ వాదనకు నా దగ్గరున్న జవాబు ఐసొలేటింగ్ స్పార్క్ గ్యాప్. క్యాథోడిక్ రక్షణ (తుప్పు పట్టకుండా విద్యుత్తుతో కాపాడే పద్ధతి) ఉన్న పైపులైన్ల ఇన్సులేటింగ్ జాయింట్ల మీద దీన్ని వాడతారు. నేరుగా బాండింగ్ చేయడానికి వీల్లేని చోట పిడుగు రక్షణ ప్రమాణాలు కూడా దీన్ని అంగీకరిస్తాయి. మామూలు వేళల్లో తెగిన తీగలా ఉంటుంది, కాబట్టి ఇంటి రొద మాస్ట్‌కు చేరదు. తేడా పెరిగిన క్షణంలో వెలిగి రెండు ఎర్త్‌లనూ ఒకటి చేస్తుంది. అయితే కోయాక్స్ అరెస్టర్లలో ఉండే చిన్న గ్యాస్ ట్యూబును తెచ్చి బాండింగ్ తీగ మధ్యలో పెట్టి అదే ఇదనుకోవద్దు. నేరుగా పిడుగు పడితే దీర్ఘంగా పారే ప్రవాహాన్ని ఆ చిన్న గొట్టం మోయలేదు. పిడుగు ప్రవాహానికి రేటింగ్ ఉన్న గ్యాప్ దొరికితేనే పెట్టండి, దొరక్కపోతే నేరుగా కలపండి. ఈ మాట దగ్గర నేను సర్దుకోను.

బరంపురం 136

రేటింగ్ ఉన్న గ్యాప్ అయితే నాకు అభ్యంతరం లేదు. దానితో పాటు ఒక చిన్న విషయం చూసుకోవాలి. మినీ-విప్‌కు 12 వోల్టుల సరఫరా కోయాక్స్ గుండానే బయాస్-టీ (సంకేతం వచ్చే కేబుల్‌లోకే కరెంటును ఎక్కించే చిన్న పెట్టె) ద్వారా వెళుతుంది. బయాస్-టీని ట్రాన్స్‌ఫార్మర్‌కు మాస్ట్ వైపున ఉంచి, దానికి చౌక అడాప్టర్ తగిలిస్తే ఐసొలేషన్ అక్కడికక్కడే పోతుంది. ఆ అడాప్టర్ లోపల మెయిన్స్ వైపుకూ అవుట్‌పుట్‌కూ మధ్య ఒక చిన్న కెపాసిటరు ఉంటుంది, రొద దాని గుండా నేరుగా షీల్డు మీదికి దిగుతుంది. సీల్డ్ బ్యాటరీతో నడపడం మంచిది. ఛార్జరును వింటున్నంత సేపూ విప్పి ఉంచాలి.

కాశీనగర్ పొలం

ఎర్త్ గురించి పెద్దలు చెప్పారు, మాస్ట్ గురించి రెండు మాటలు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను గజపతి జిల్లాను ఎంత దెబ్బ తీసిందో ఇక్కడి వారికి చెప్పనక్కర్లేదు. 6 మీటర్ల పైపుకు మూడు వైపులా నైలాన్ తాడు లాగి కట్టండి. పైపు ఏ పక్కకు ఒరిగినా కరెంటు తీగలను తాకనంత దూరంలోనే దాన్ని నిలబెట్టండి. కొబ్బరిచెట్టుకు కట్టకండి, గాలికి చెట్టు ఊగినప్పుడల్లా కేబుల్ జాయింటు నలిగిపోతుంది. రాగి కడ్డీని జీఐ పైపుకు నేరుగా బిగిస్తే వానాకాలం తిరిగేసరికి ఆ అతుకు దగ్గర జింకు పూత తినేసి తుప్పు మొదలవుతుంది. బైమెటల్ క్లాంపు వాడండి, లేదా కడ్డీ కూడా జీఐదే పెట్టండి. కనెక్టరు మీద సాగే రబ్బరు టేపు చుట్టి, కేబుల్ గోడలోకి దూరే ముందు ఒక వంపు కిందికి వేలాడేలా వదిలితే వాననీరు అక్కడే కారిపోతుంది.

వంశధార శ్రోత (పర్లాకిమిడి)

అందరికీ ధన్యవాదాలు. రొద ఎక్కడిదో తేల్చుకోవడానికి మెయిన్ స్విచ్ దించి, ఇన్వర్టర్‌నూ ఆపి, రిసీవరునూ ల్యాప్‌టాపునూ బ్యాటరీ మీద నడిపి విన్నాను. రెండు ఎర్త్‌లూ కలిపి ఉన్నా 136 దగ్గరి రొద చాలావరకు పోయింది. ఊరంతా కరెంటు పోయినప్పుడు మాత్రం మా ఇన్వర్టర్ అందుకోగానే అది తిరిగి వస్తోంది. కాబట్టి రొదలో పెద్ద వాటా మా ఇంటి ఇన్వర్టర్‌దేనని తేలింది. ముందు దాని రెండు వైపుల తీగల మీదా ఫిల్టర్లు పెట్టిస్తాను. ఎర్త్‌లను కలిపే ఉంచుతాను, సరైన స్పార్క్ గ్యాప్ దొరికాక దాన్ని మధ్యలో చేరుస్తాను. కేబుల్‌ను మీటరు పక్కకు మారుస్తున్నాను.

ఒక్క సందేహం మిగిలింది. 25 మీటర్ల కందకంలో 8 గేజీ జీఐ తీగ చాలునా, పట్టీయే వేయాలా?

గుణుపురం సూపర్‌వైజర్

పట్టీయే వేయండి. 25 మిల్లీమీటర్ల వెడల్పు, 3 మిల్లీమీటర్ల మందం ఉన్న జీఐ పట్టీని అర మీటరు లోతున, మలుపులు లేకుండా తిన్నగా పరచండి. అతుకు వెల్డింగ్ చేయించి, దాని మీద తారు పూత వేయించండి. నాగలి గాని పార గాని తగిలే చోట ఇటుకలు కప్పండి. దారిలో ఇంకో కడ్డీ దించగలిగితే మొదటి దానికి కనీసం 3 మీటర్ల దూరంలో దించండి, దగ్గరగా పాతితే రెండో దాని వల్ల లాభం తక్కువ. కొలత వానాకాలంలో తీసుకుని తృప్తిపడకుండా, వైశాఖంలో నేల ఎండిపోయినప్పుడు ఎర్త్ మెగ్గర్‌తో తీయించండి.