ఫ్లాట్‌లో క్రిస్మస్ ఖర్చు అందరికీ సమాన వాటా వేయడం కరెక్టేనా?

మేడమీది_గది:
మేం ఐదుగురం ఒకే ఫ్లాట్‌లో ఉంటాం, అందరం స్టూడెంట్సే. ఇద్దరికి ఇంటి నుంచి డబ్బులొస్తాయి, ఇద్దరం పార్ట్‌టైమ్ చేసుకుంటాం, ఒకమ్మాయి మాత్రం స్కాలర్‌షిప్ మీదే నెట్టుకొస్తోంది. డిసెంబర్ రాగానే మా గ్రూప్‌లో ఒక లిస్టు పడింది, చెట్టు, లైట్లు, సీక్రెట్ శాంటా (చీటీలో ఎవరి పేరొస్తే వాళ్ళకి, ఇచ్చిందెవరో తెలీకుండా గిఫ్టు ఇవ్వడం), 24 రాత్రి డిన్నర్, కేకు, డ్రింక్స్, అన్నీ అయ్యాక మొత్తాన్ని ఐదుతో భాగించేద్దాం అని. అందరూ థంబ్స్అప్ పెట్టేశారు. ఆ అమ్మాయి కూడా పెట్టింది, కానీ మర్నాటి నుంచి కాలేజీ క్యాంటీన్ వైపు రావడం మానేసి ఇంట్లోంచి బ్రెడ్డు పొట్లం కట్టుకుని లైబ్రరీ మెట్ల మీద తింటోంది, నేను చూశాను, అడిగితే బాగోదని అడగలేదు.

నాకనిపించేది ఏంటంటే అసలు గొడవ సమాన వాటా దగ్గర లేదు, "అయ్యాక భాగిద్దాం" అన్న దగ్గరుంది. ముందు ఎంతవుతుందో ఎవరికీ తెలీదు, హుషారు ఎక్కువున్నవాళ్ళు కొనుక్కుంటూ పోతారు, చేతిలో లేనివాళ్ళు నోరు మెదపలేరు, పండగ పూట నా దగ్గర లేవు అని నలుగురిలో చెప్పడం ఎంత కష్టమో పడ్డవాళ్ళకే తెలుసు. అందుకని నేను అనేది చీటీలు వేద్దాం అని. పేరు రాయకుండా, తాము ఇబ్బంది పడకుండా ఎంత పెట్టగలరో ఒక్కొక్కరూ రాసి డబ్బాలో వేయాలి, వచ్చినవాటిలో అన్నిటికన్నా తక్కువ అంకె ఏదో దాన్నే ఐదుతో గుణించాలి, అదే బడ్జెట్, కామన్ ఖర్చు దానికి మించకూడదు. ఒప్పుకోనివాళ్ళు ఎందుకో చెప్పండి, నిజంగా వినాలనే అడుగుతున్నా.

సగం_అద్దె:
నేను ఒప్పుకోను అక్కా. నలుగురి పండగని ఒక్కరి జేబు డిసైడ్ చేయడం ఏం న్యాయం? పైగా పేరు లేని చీటీ అంటే పిసినారివాళ్ళకి పండగే, డబ్బులుండి కూడా తక్కువ రాసి మిగతావాళ్ళందర్నీ కిందకి లాగేస్తారు, ఎవరని అడగడానికి కూడా ఉండదు. మా ఫ్లాట్‌లో సమాన వాటా కాకుండా ఎవరు వాడింది వాళ్ళు కట్టుకునే పద్ధతి పెట్టాం, నేను జ్యూస్ తాగలేదు, నేను రెండో ముక్క తినలేదు, అని బిల్లు ఫోటోల మీద గీతలు కొట్టుకుంటూ కూర్చున్నారు, జనవరి దాకా ఆ గొడవ సాగింది. దానికన్నా సమానంగా పంచేసుకుని మర్చిపోవడం మేలు. కావాలంటే రెండు భాగాలు చేయండి, డిన్నర్ అందరిదీ, మిగతా ఎక్స్‌ట్రాలు కావాల్సినవాళ్ళవి.

మేడమీది_గది:
తమ్ముడూ, ఎవరు వాడింది వాళ్ళు కట్టుకోవాలని నేనూ అనట్లేదు, ముక్కలు లెక్కపెట్టే పద్ధతి నాకూ నచ్చదు. నేను చెప్పేదాంట్లో కూడా అందరూ పెట్టేది సమానమే, కాకపోతే ఆ అంకె ముందే తేలిపోతుంది. ఎక్స్‌ట్రాల సంగతే నాకు మింగుడు పడట్లేదు. ఒకే టేబుల్ మీద నలుగురి ముందు ఒకటి ఉండి ఐదోవాళ్ళ ముందు లేకపోతే అది ఎక్స్‌ట్రా ఎలా అవుతుంది, ఎత్తిచూపినట్టే కదా. ఎక్కువ పెట్టాలనిపించినవాళ్ళు కొనుక్కొచ్చి అందరికీ పెట్టండి, కానీ అది లెక్కలోకి రాకూడదు, తర్వాత ఎవరికీ గుర్తు చేయకూడదు.

ఎకనామిక్స్_రెండో_ఏడు:
గిఫ్టుల దగ్గర ఆగండి, డబ్బు ఎక్కువ వృథా అయ్యేది అక్కడే. జోయెల్ వాల్డ్‌ఫోగెల్ అనే ఎకనామిస్టు 1993లో దీని మీదే ఒక పేపర్ రాశాడు, స్టూడెంట్స్‌నే అడిగాడు, మీకొచ్చిన గిఫ్టులకి ఇచ్చినవాళ్ళు ఎంత పెట్టుంటారు, అదే వస్తువుకి మీరైతే ఎంత విలువ కడతారు అని. తేడా చూస్తే గిఫ్టు విలువలో పదో వంతు నుంచి మూడో వంతు దాకా గాల్లో కలిసిపోతోందని తేలింది. అంటే సీక్రెట్ శాంటాకి ఐదుగురు పెట్టిన దాంట్లో దాదాపు ఒకరి వాటా ఎవరికీ ఉపయోగపడకుండా పోవచ్చు. నా ఓటు సీక్రెట్ శాంటా మొత్తానికి తీసేయడానికే, ఆ డబ్బు డిన్నర్‌లో కలపండి.

కొవ్వొత్తి_వెలుగు:
ఆ పేపర్ గురించి సగమే చెప్పారు మీరు. ఆ ప్రశ్న అడిగినప్పుడు సెంటిమెంటు విలువని పక్కన పెట్టి చెప్పమన్నారు, అది తీసేశాక గిఫ్టులో మిగిలేదే తక్కువ. ఇంకోటి, అందులోనే ఫ్రెండ్స్ ఇచ్చిన గిఫ్టుల్లో నష్టం తక్కువ వచ్చింది, దూరపు చుట్టాలు, పెద్దవాళ్ళు ఇచ్చినవాటిలో ఎక్కువ వచ్చింది. ఒకే ఇంట్లో ఉంటూ ఎవరి చార్జర్ వైరు తెగిపోయిందో ఎవరికి మెడ నొప్పో తెలిసినవాళ్ళు ఇచ్చుకునే గిఫ్టు, ఏడాదికోసారి కనిపించే మావయ్య ఇచ్చే గిఫ్టు ఒకటెలా అవుతాయి?

నేను చర్చికి వెళ్ళే మనిషిని, నా బాధ ఇంకోటి. ఈ లిస్టుల్లో పండగ ఎక్కడుందో నాకు కనపడట్లేదు. మాకు 24 అర్ధరాత్రి ఆరాధనే అసలు పండగ, దానికి టికెట్ లేదు, దేవుడి మీద నమ్మకం లేని ఫ్రెండ్స్ వచ్చి వెనక బెంచీలో కూర్చుని పాటలు విన్నా ఎవరూ ఏమీ అనరు. 1223లో ఇటలీలోని గ్రెచ్చో అనే చిన్న ఊళ్ళో అస్సీసీ ఫ్రాన్సిస్ అనే సన్యాసి గారు ఏసు పుట్టుక గుర్తుగా పశువుల తొట్టి పెట్టారు, గడ్డి, ఒక ఎద్దు, ఒక గాడిద, అంతే, ఊరివాళ్ళు కొవ్వొత్తులు, దివిటీలు పట్టుకొచ్చి దాని చుట్టూ నిలబడ్డారు. ఎనిమిది వందల ఏళ్ళుగా జనం దాన్ని గుర్తుపెట్టుకుని ఇళ్ళల్లో తొట్టి పెట్టుకుంటున్నారంటే అది ఖర్చు వల్ల కాదు కదా. అట్టముక్కలతో మీరూ చేయొచ్చు.

ఇంకో మాట, చాలా సంఘాల్లో క్రిస్మస్ కాలం 25తో అయిపోదు, అప్పుడే మొదలై పన్నెండు రోజులు సాగుతుంది, జనవరి 6న ఎపిఫనీ అనే పండగ. పాత జూలియన్ క్యాలెండర్ పాటించే ఆర్థోడాక్స్ క్రైస్తవులకైతే జనవరి 7నే క్రిస్మస్. కాబట్టి ఊళ్ళకెళ్ళినవాళ్ళు తిరిగొచ్చాక చేసుకున్నా అది క్రిస్మస్సే, అప్పటికి అలంకరణ సామాను రేట్లు కూడా పడిపోతాయి. 24నే అందరూ అన్నీ చేసేయాలన్న తొందరలోనే సగం డబ్బు పోతుంది.

వంటింటి_డ్యూటీ:
డబ్బు గురించే మాట్లాడుతున్నారు అందరూ, పని ఎవరు చేస్తారు? ప్రతి ఫ్లాట్‌లో వంట వచ్చిన ఒక మనిషి ఉంటారు, ఆ రోజు పొద్దున్నుంచి స్టవ్ దగ్గరే, పాటలు పెట్టేది హాల్లో, ఫోటోలు దిగేది హాల్లో, ఆ మనిషి మాత్రం ఉల్లిపాయలు కోస్తూ ఉంటారు, ఆఖరికి వాటా మాత్రం సమానం. ఇది నాకు అన్యాయంగా కనిపిస్తుంది. వండేవాళ్ళ వాటా తగ్గించండి, లేదా గిన్నెలు, బాత్రూమ్ క్లీనింగ్, మర్నాటి చెత్త వాళ్ళకి అస్సలు వేయకండి. చీటీలో సున్నా రాసినవాళ్ళు ఉంటే వాళ్ళకి పని చెప్పమనట్లేదు, అది ఇంకా అవమానం, పని అందరికీ ముందే పంచేయాలి.

ఎక్కడ తగ్గించాలో కూడా సరిగ్గా చూడండి. లైట్ల మీద కొట్టుకుంటున్నారు గానీ పాతకాలం బుడ్డి బల్బుల తోరణం వంద బల్బులది దాదాపు 40 వాట్లు, రోజుకి ఆరు గంటల చొప్పున నెలంతా వేసినా ఏడు యూనిట్ల పైన కాస్తంత, ఎల్‌ఈడీ అయితే ఒక యూనిట్ కాలడం కూడా గగనం. అదే 2000 వాట్ల రూమ్ హీటర్ ఒక్క సాయంత్రం నాలుగు గంటలు వేస్తే ఎనిమిది యూనిట్లు. కాబట్టి పాతవి ఉంటే వాడుకోండి, కొనాల్సొస్తే ఎల్‌ఈడీ కొనండి, అందరూ ఒకే గదిలో కూర్చుంటే లైట్ల ఖర్చు కన్నా ఎక్కువే మిగులుతుంది. వైరు తోలు ఊడిన తోరణం మాత్రం ఎవరు ఊరికే ఇచ్చినా వద్దు. నిజం చెట్టు తెస్తే కుండీలో రోజూ నీళ్ళు పోయాలి, ఎండిపోయిన కొమ్మలు భగ్గుమంటాయి, దాని దగ్గర కొవ్వొత్తి పెట్టకండి.

తిండి సంగతి. ఫ్రోజెన్ కోడి చవక అని పెద్దది తెచ్చి 24 పొద్దున బయటికి తీస్తారు, సాయంత్రానికి పైన మెత్తగా లోపల గడ్డగా ఉంటుంది. ఫ్రిజ్‌లోనే కరగనివ్వాలి, రెండు రెండున్నర కేజీలకి ఒక రోజు చొప్పున లెక్కేసుకోండి, ఉడికాక లోపల మందంగా ఉన్న చోట 74 డిగ్రీలు రావాలి. మిగిలింది రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి వెళ్ళిపోవాలి, పొద్దున దాకా టేబుల్ మీద వదిలేస్తే అందరి డబ్బూ చెత్తబుట్టలోకే. మాంసం తినని వాళ్ళు ఒక్కరున్నా సరే మెయిన్ వంటే మాంసం లేకుండా చేసి కోడిని పక్క వంటకం చేయండి, ఖర్చు చాలా దిగుతుంది, ఎవరికీ విడిగా పళ్ళెం పెట్టక్కర్లేదు.

సగం_అద్దె:
పని పంచే మాట నాకు నచ్చింది. మేడమీది అక్కా, నాకు రెండు డౌట్లున్నాయి. ఎవరైనా నిజంగానే సున్నా రాస్తే? ఐదు సున్నాలు సున్నానే కదా, డిన్నర్ ఉండదా? 20నే ఊరెళ్ళిపోయేవాళ్ళ సంగతేంటి?

మేడమీది_గది:
సున్నా వస్తే ఆ ఏడాది కామన్ ఫండ్ ఉండదు తమ్ముడూ, డిన్నర్ ఉంటుంది. ఐదుగురి అరల్లో ఉన్న పప్పులు, బియ్యం, పాస్తా, తెరిచి సగం వాడిన ప్యాకెట్లు అన్నీ టేబుల్ మీదకి తెచ్చి వాటితో ఏం అవుతుందో అది వండుకుంటాం, నెలాఖర్లో ఎలాగూ చేసేది అదే. పిసినారివాళ్ళు తక్కువ రాస్తారన్నావు, రాయనీ. ఉండి రాయనివాళ్ళ వల్ల మనకి పోయేది ఒక కేకు, లేనివాళ్ళని పట్టించుకోకపోతే వాళ్ళకి పోయేది నెల తిండి, ఈ రెండూ ఒకే తూకం కాదు. ఊరెళ్ళేవాళ్ళకి డిన్నర్ వాటా వేయకూడదు, చెట్టు, లైట్లలో కూడా వేయొద్దనే నా అభిప్రాయం, చూడటానికి ఉండనివాళ్ళ దగ్గర ఏమని తీసుకుంటాం. కొవ్వొత్తి గారన్నట్టు వాళ్ళు తిరిగొచ్చాక జనవరిలో చేసుకుంటే ఆ ప్రశ్నే రాదు, మావాళ్ళని అడుగుతా.

సీక్రెట్ శాంటా తీసేయడం నాకిష్టం లేదు, కొనకూడదు అన్న రూల్‌తో ఉంచుదాం. చేసిందో, తమ దగ్గరున్నదో, చేసిపెడతామన్న పనో, ఏదైనా పర్లేదు. నోట్స్ నీట్‌గా రాసివ్వడం, జుట్టు కత్తిరించడం, ఒక వారం బట్టలు ఉతకడం.

ఎకనామిక్స్_రెండో_ఏడు:
కొనకూడదు అంటే నాకు అభ్యంతరం లేదు. అయితే పేర్లు తీసే పద్ధతి మార్చండి. ఐదుగురి పేర్లు చీటీల్లో వేసి తీస్తే ఎవరికీ సొంత పేరు రాకుండా ఉండే అవకాశం 120లో 44 మాత్రమే, అంటే మూడింట రెండుసార్లు దాకా మళ్ళీ తీయాల్సొస్తుంది, ఎవరిది ఎవరికొచ్చిందో బయటపడుతుంది. బయటి ఫ్రెండ్ ఎవరినైనా పిలిచి ఐదు పేర్లనీ ఇష్టమొచ్చిన వరసలో గుండ్రంగా రాయమనండి, ఒక్కొక్కరికీ తమ తర్వాతున్న పేరు చెవిలో చెప్తే చాలు.

వంటింటి_డ్యూటీ:
మరి పిలవని గెస్టులు? ఎవరి బాయ్‌ఫ్రెండో, ఎవరి క్లాస్‌మేటో వచ్చి కూర్చుంటారు, వాళ్ళ భోజనం ఎవరి లెక్క?

మేడమీది_గది:
పిలిచినవాళ్ళ లెక్క, ఇద్దరి వాటా కట్టాలి, రెండు రోజుల ముందే చెప్పాలి. ఎక్కడికీ వెళ్ళలేక హాస్టల్లో ఒంటరిగా ఉండిపోయినవాళ్ళని ఎవరైనా తీసుకొస్తే మాత్రం వాళ్ళ దగ్గరా వీళ్ళ దగ్గరా తీసుకోం, ఉన్నదాంట్లోనే సర్దుకుంటాం, వండేటప్పుడే ఒక మనిషికి ఎక్కువ పోస్తాం. రేపు రాత్రి చీటీలు వేస్తున్నాం, గ్రూప్‌లో పాత లిస్టు తీయించేశాను. డ్రింక్స్ ఒక్కటే తేలలేదు, తాగేది ముగ్గురే కాబట్టి కామన్ ఫండ్‌లోంచి వద్దని నేనంటున్నా, వాళ్ళు ముగ్గురూ ఒప్పుకోవట్లేదు.